పొడుగువాడికి పొట్టిది

మా బావ పోయాడు. మా అక్క భర్త. ఈ రోజుకి పంతొమ్మిది రోజులు.

ఆ శనివారం పొద్దున్న శాంటా క్లారాలో మా ఇంటి ముందు నేను కారు వెనకాల సైకిల్ కట్టుకుంటున్నాను. బావా నేనూ కొండకి వెళ్ళాల్సిన రోజు. ఫ్రీమాంట్‌లో వాళ్ళింటి దగ్గర ఆగి ఆయన్ని ఎక్కించుకోవడం అలవాటు. అక్క ఫోన్ చేసింది. ఆలస్యమైందని తిట్టడానికే అనుకుని నేనే ముందందుకుని, "వస్తున్నానే, ఇరవై నిమిషాల్లో అక్కడుంటా" అన్నాను.

"ఒరే, మీ బావ లేవట్లేదురా" అంది.

"ఇంకా పడుకునే ఉన్నాడా?"

"లేదురా. బూట్లు వేసుకుంటూ కుర్చీలో కూర్చున్నారు. లేవట్లేదు."

నేను వెళ్ళేసరికి అంబులెన్స్ వాళ్ళు చేయాల్సిందంతా చేసి చేతులు దించేశారు. గుండె అన్నారు. యాభై నాలుగేళ్ళు. ఒక బూటుకి లేసు కట్టి ఉంది, రెండోదానికి లేదు. నేను వంగి ఆ రెండోది కట్టాను. ఎందుకు కట్టానో ఇప్పటికీ తెలీదు.

ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమని మిత్రులు అడిగారు. మంచి మాటలకేం లోటు లేదు. కానీ వాటి మధ్యలో నేను చేసిన ఒక పని ఉంది. దాన్ని దాటేసి రాస్తే ఇది ఆయన గురించి రాసినట్టు కాదు. అందుకే మొదటినుంచీ చెప్తాను, ఓపిక చేసుకుని చదవండి.

మా ఇంట్లో అందరం పొడుగు. నేను ఆరడుగులు. అక్క బావ కంటే రెండు వేళ్ళు ఎత్తు. పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ ఆ తేడా కనిపించకుండా బావని పీట మీద నిలబెట్టాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు, నోటికి అడ్డూ ఆపూ లేదు. "పీటెక్కినా పొట్టి బావే!" అని అరిచాను. మండపమంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, కాకపోతే అందరికంటే ఒక్క క్షణం ఆలస్యంగా. ఆ క్షణం నేను చూశాను. చూసి కూడా ఆ పేరు మానలేదు. బావాబావమరదుల సరసం కదా అని అందరూ వదిలేశారు, నేనూ వదిలేసుకున్నాను.

బావ మెషీన్లు పరీక్షించే ఇంజనీరు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక వెర్నియర్ కాలిపర్ ఉండేది. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో మనందరం ఒకసారి పట్టుకుని మర్చిపోయిన పరికరం అది. ఆయన మాత్రం దాంతో చెట్నీ సీసా మూతలు, కర్టెన్ రాడ్లు, ఓసారి అక్క పోసిన దోసె మందం కూడా కొలిచాడు. "ఆరు మిల్లీమీటర్లుంది, ఊతప్పమని పిలవచ్చు" అన్నాడు. అక్క అట్లకాడ చూపించింది. ఏ వాదనైనా మొదలైతే ఆయన అనే మాట ఒకటే: "కొలవకుండా మాట్లాడకురా."

సైకిల్ పిచ్చి కూడా ఆయన అంటించిందే. మామూలు సైకిల్ కాదు, కొండ దిగే సైకిల్. తీగల మీద నడిచే లిఫ్ట్ ఎక్కి సైకిల్‌తో సహా శిఖరం దాకా వెళ్ళి, రాళ్ళ మీదుగా, చెట్ల వేళ్ళ మీదుగా కిందికి దూకుతూ రావాలి. ముందూ వెనకా లావుపాటి స్ప్రింగులు. వాటి మీద సైకిల్ బెత్తెడు కుంగుతుంది. సీటు మీద కూర్చోవడం ఉండదు. రెండు పెడళ్ళ మీద నిలబడే దిగాలి. మా ఇళ్ళల్లో దీన్ని ఆట అని ఎవరూ అనరు. చావడానికి డబ్బులిచ్చి టికెట్ కొనుక్కోవడం అంటుంది అక్క.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే ఉంది. పెడల్‌ని సైకిల్ మధ్యభాగానికి కలిపే ఇనుప చెయ్యి ఒకటుంటుంది. క్రాంక్ అంటాం. దాని పొడవులు రకరకాలుగా దొరుకుతాయి: నూట అరవై అయిదు మిల్లీమీటర్లు, నూట డెబ్బై, నూట డెబ్బై అయిదు. చెయ్యి పొడుగైతే తొక్కడానికి బలం ఎక్కువ దొరుకుతుంది. కానీ పెడల్ కిందికొచ్చినప్పుడు నేలకి అంత దగ్గరగా వస్తుంది. సైకిల్ కుంగి ఉన్నప్పుడు కింద రాయి ఉంటే తగులుకుంటుంది.

నాకు నలభై నిండిన ఏడాది కొత్త సైకిల్ కొనుక్కున్నాను. దానికి క్రాంక్ ఎంత పొడుగుండాలన్నది మా ఇద్దరికీ నెలరోజుల వాదన. నేను ఆరడుగుల మనిషిని, నాకు పొడుగుదే నప్పుతుందని నేను. బావ నన్ను గ్యారేజ్‌లోకి తీసుకెళ్ళాడు. నేల మీద నీలం టేపు ముక్కలు అంటించాడు. రెండు ముక్కలు పొడుగు క్రాంక్ మీద నా పాదాలు ఒకదాని వెనక ఒకటి ఎంత దూరంలో ఉంటాయో చెప్పేవి, ఇంకో రెండు పొట్టిదాని మీద. ఒక్కో చెయ్యికి పది చొప్పున రెండింటికీ తేడా ఇరవై మిల్లీమీటర్లు.

"నిలబడు. మోకాళ్ళు వంచు." ఆయన వెనకనుంచి నా భుజాల మీద చేతులేసి ఒక్కసారి కిందికి నొక్కాడు. "ఇప్పుడు దీని మీద నిలబడు." మళ్ళీ నొక్కాడు. "ఏది ఈజీగా ఉంది?"

రెండోదే తేలిగ్గా ఉంది. వెనక మోకాలు మెలిపడలేదు, నడుము నిలబడింది. నాకు తెలిసింది. "రెండూ ఒకటే" అన్నాను.

"కొలవకుండా మాట్లాడకురా."

"నీకు పొట్టిది సరిపోయిందని లోకమంతా పొట్టిదే పెట్టుకోవాలా బావా?"

ఆయన టేపు చుట్ట సొరుగులో పడేశాడు. టేపు ముక్కల్ని అలాగే వదిలేశాడు.

నా పుట్టినరోజుకి ఒక పెట్టె ఇచ్చాడు. అందులో నూట అరవై అయిదు క్రాంక్. పెట్టె మీద కాగితపు టేపు అంటించి తన గుండ్రటి అక్షరాలతో "పొడుగువాడికి పొట్టిది" అని రాశాడు. అందరూ పకపకా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై మూడేళ్ళు దాచుకుని పీట మాటకి ఇప్పుడు బదులు తీర్చుకున్నాడనుకున్నాను. ఆయన మనసులో అలాంటిదేం లేదని ఇప్పుడు ప్రమాణం చేసి చెప్పగలను. అప్పుడు మాత్రం సోమవారం మధ్యాహ్నం ఆఫీసు నుంచి షాపుకి వెళ్ళి, ఆ టేపు పీకేసి, పెట్టె ఇచ్చేసి, నూట డెబ్బై అయిదు తెచ్చుకున్నాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి "డౌన్‌హిల్ బైక్‌కా? ఆర్ యు ష్యూర్?" అని రెండుసార్లు అడిగింది.

"ఫిట్ చేసుకున్నావా?" అని బావ ఫోన్ చేశాడు.

"చేసుకున్నా బావా. సూపర్‌గా ఉంది."

దోసె మందం కొలిచిన మనిషి నా సైకిల్ కొలవలేదు. నా మాట నమ్మాడు.

మేం వెళ్ళే కొండ మీద ఒకచోట గుండ్రటి రాళ్ళు వరసలుగా పరుచుకుని ఉంటాయి. దానికి మేం ఇడ్లీరేకు అని పేరు పెట్టుకున్నాం. బావ ఎప్పుడూ ముందు వెళ్ళేవాడు. ఆ మలుపు వచ్చేముందు వెనక్కి తిరక్కుండానే "పాదాలు సమం!" అని అరిచేవాడు. అంటే అక్కడ తొక్కకూడదు. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో ఉంచి జారిపోవాలి. కొత్త సైకిల్‌తో మొదటిసారి వెళ్ళిన రోజు నేను ముందు వెళ్తానన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఇడ్లీరేకు సగంలో వేగం తగ్గింది. ఆగిపోతే పడతాననిపించి ఒక్క తొక్కు తొక్కాను. ఒక్కటే. కుడి పాదం కిందికి వెళ్ళింది, సైకిల్ కుంగింది, టక్ మని చప్పుడైంది. తర్వాత ఆకాశం కనిపించింది, రాళ్ళు కనిపించాయి, మళ్ళీ ఆకాశం కనిపించింది. పడ్డాక ఎడమ చెయ్యి ఉందో లేదో తెలియలేదు.

బావ నా దాకా పరిగెత్తుకొచ్చాడు. వచ్చేముందు తన సైకిల్‌ని దారికి అడ్డంగా పడుకోబెట్టి వచ్చాడు, పైనుంచి వచ్చేవాళ్ళు మా మీద పడకుండా. నా తల వెనక మోకాళ్ళ మీద కూర్చుని, హెల్మెట్‌ని రెండు అరచేతులతో పట్టుకున్నాడు.

"బావా..."

"తల ఊపకు. తెలుగువాడివి, తల ఊపకుండా మాట్లాడలేవు. అందుకని నోరు కూడా తెరవకు."

ఫోన్‌లో కొండ మీది రక్షణ సిబ్బందికి చోటు చెప్పాడు. ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. ఆ ఇరవై నిమిషాలూ ఆయన నా తలని కదలనివ్వలేదు. పైన ఎవరో బ్రేకులు నొక్కిన చప్పుడైనప్పుడల్లా "స్టాప్! రైడర్ డౌన్!" అని గొంతు చించుకుని అరిచేవాడు. వెంటనే గొంతు తగ్గించి నాతో మాట్లాడేవాడు.

"బొటనవేలు కదుపు. గుడ్. చూపుడు వేలు. గుడ్. మధ్యవేలు. ఉంగరం వేలు... ఆఁ, కదిలిందిలే. చిటికెన వేలు."

చిటికెన వేలు కదల్లేదు.

"మళ్ళీ."

కదల్లేదు. నేనిక మెడ కింద కదలలేని మనిషిని అయిపోతానేమోనని అప్పుడు భయం పుట్టింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే తల కదులుతుందని ఏడవలేదు. బావ హెల్మెట్‌ని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "తొందరేం లేదు. అది చిన్నది కదా, ఆలస్యంగా లేస్తుంది. మళ్ళీ ట్రై చెయ్యి" అన్నాడు.

నేను పైకి ఆయన మొహం చూస్తున్నాను. ఆయన చూపు నా మీదనుంచి పక్కకి వెళ్ళింది, పడి ఉన్న నా సైకిల్ మీదికి. అక్కడే ఆగింది. క్రాంక్ చివర, రాయి కొరికినచోట, తెల్లటి గీత ఉండి ఉంటుంది. ఆయన కంటికి కాలిపర్ అక్కర్లేదు. నూట అరవై అయిదుకీ నూట డెబ్బై అయిదుకీ తేడా చూడాలనుకుంటే దూరంనుంచే తెలుస్తుంది.

ఇప్పుడంటాడు, ఇప్పుడంటాడు అని ఎదురుచూశాను. "చిటికెన వేలు" అన్నాడు బావ. "ఇంకోసారి."

ఆస్పత్రిలో తేలిందేమిటంటే, భుజం ఎముక విరిగింది, మెడ దగ్గర నరం సాగింది. ప్రాణానికీ నడకకీ ఏం కాలేదు. వేలు నెలలో వస్తుందన్నారు. అక్క గాలిదుమారంలా వచ్చింది. నన్ను చూసి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, బావ వైపు తిరిగింది.

"పుట్టినరోజుకి మీరు పెట్టించిన పార్టే కదా? ఆ పొట్టిదేదో. అది సరిపోకే కదా వీడు పడ్డాడు?"

మంచం మీద నాకు తెలివి ఉంది. నోరు ఉంది. ఒక్క వాక్యం చాలు. నేను కళ్ళు మూసుకున్నాను.

బావ ఒక్క క్షణం ఆగాడు. పెళ్ళిలో నవ్వేముందు ఆగినంతసేపు. తర్వాత, "అవును. నాదే పొరపాటు" అన్నాడు.

అక్క ఆయన చెయ్యి పట్టుకుని తన నెత్తిన పెట్టుకుంది. "ఇంకెప్పుడూ ఆ సైకిల్ మీద కొండ దిగనని నా మీద ఒట్టేయండి." మా అక్క ఎత్తుకి ఆయన చెయ్యి కాస్త పైకే చాచాల్సి వచ్చింది. "ఒట్టు" అన్నాడు. ఆ మాట నేను కళ్ళు మూసుకునే విన్నాను.

ఆయన ఆ ఒట్టు తప్పలేదు. ఆయన సైకిల్ గ్యారేజ్ గోడకెక్కింది. నాకు నయమయ్యాక నా సైకిల్ బాగుచేసి ఇచ్చాడు. ఇంటికి తెచ్చుకుని చూస్తే దానికి పొట్టి క్రాంక్ ఉంది. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ కొండ మీద నేను ఒక్కసారి కూడా పెడల్ రాయికి కొట్టలేదు.

ఆ రెండేళ్ళూ బావ నాతో వచ్చేవాడు. "ఒట్టు కొండ దిగడానికేరా, కింద నిలబడ్డానికి కాదు" అనేవాడు. బూట్లు కూడా సైకిల్ బూట్లే వేసుకునేవాడు. ఇడ్లీరేకు చివర, చెట్టుకి ఆనుకుని, ఫ్లాస్క్‌లో కాఫీతో నిలబడేవాడు. నేను మలుపు తిరిగేసరికి "పాదాలు సమం!" అని అరుపు వినిపించేది. నేను దాటిపోయాక ఒకసారి వెనక్కి చూశాను. ఆయన నేల మీద ఒక పాదం ముందూ ఒక పాదం వెనకా పెట్టి, మోకాళ్ళు వంచి, చేతులు ముందుకి చాచి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి చప్పున మామూలుగా నిలబడ్డాడు.

తిరిగొచ్చే దారిలో ఓసారి ధైర్యం చేశాను. "బావా, ఆ క్రాంక్ సంగతి అక్కకి..."

"రోడ్డు చూసి నడుపు."

కాసేపటికి ఆయనే అన్నాడు. "నన్ను తిడితే మీ అక్క సాయంత్రానికి మర్చిపోతుంది. నిన్ను తిడితే నాలుగు రోజులు అన్నం సహించదు. అందుకని నా మీద వేసుకున్నా. అంతే." ఇంకో పది మైళ్ళు పోయాక నవ్వుతూ, "ఎప్పుడైనా తీరిక చూసుకుని ఆ ఒట్టు తీసి గట్టున పెట్టమని నువ్వే చెప్పరా. నేను చెప్తే వినదు" అన్నాడు.

"చెప్తా బావా" అన్నాను.

చెప్పలేదు. వచ్చే వారం, దీపావళి అయ్యాక, అక్క మూడ్ బాగున్నప్పుడు. ఒక్క మాటకి ఏడాది పైగా ముహూర్తాలు వెతుక్కున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ప్రతి శనివారం బూట్లు వేసుకునేవాడు.

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక, మధ్యాహ్నం చుట్టాలూ స్నేహితులూ వెళ్ళిపోయాక, అక్క అంది: "ఆయన కాలిపర్ గ్యారేజ్‌లో ఉంటుంది, తీసుకురారా. ఫోటో దగ్గర పెడతాను." వెళ్ళి పనిముట్ల బల్ల కింది సొరుగు లాగాను. కాలిపర్ పక్కన పాత బనీను గుడ్డలో చుట్టి ఏదో ఉంది. విప్పాను. నూట డెబ్బై అయిదు. చివర బియ్యపుగింజంత గీత. తుప్పు పట్టకుండా నూనె రాసి దాచాడు.

"ఏంటది?" అక్క వెనకే వచ్చి నిలబడింది.

పాత సామాను అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. మళ్ళీ గుడ్డ చుట్టేస్తే ఆ సొరుగు ఇక ఎవరూ తెరవరు. కిందికి చూస్తే నేల మీద రంగు వెలిసిన నీలం టేపు ముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి.

చెప్పేశాను. పెట్టె మార్చిందీ, అబద్ధం చెప్పిందీ, ఆస్పత్రిలో కళ్ళు మూసుకుందీ, కారులో ఆయన అడిగిందీ, అన్నీ చెప్పాను. అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. మా అక్క అడ్డురాకుండా వినడం నేనెప్పుడూ చూడలేదు.

"అయితే ఆయన పెట్టించింది కాదా అది?"

"కాదక్కా. ఆయన ఇచ్చింది పెట్టుకుని ఉంటే పడేవాణ్ణి కాదేమో."

"ఎంత తేడా?"

గోడ మీదనుంచి బావ సైకిల్ దించాను. ఆయన క్రాంక్ పక్కన నాది ఆనించి, పైన ఇరుసు దగ్గర రెండింటినీ సమంగా కలిపి పట్టుకున్నాను. కింద నాది కొంచెం మిగిలింది. కాలిపర్ అందుకుని కొలవబోయాను. అక్క నా చెయ్యి తోసేసింది. వంగి, ఆ మిగిలిన చోట తన చిటికెన వేలు గోరు పెట్టి చూసింది. గోరు సరిగ్గా పట్టింది.

"ఇంతేనా?" అంది.

నేను తల ఊపాను.

"ఇంతదానికి రెండేళ్ళు కింద నిలబడ్డారురా మీ బావ."

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. తిట్టను కూడా తిట్టలేదు. లేచి, సైకిల్ సీటు మీద చెయ్యి వేసింది. తల నిమిరినట్టు నిమిరింది.

"తీసేశానండీ" అంది, నాతో కాదు. "ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. ఇక వెళ్ళండి."

వెనక చక్రం నేల మీదనుంచి ఎత్తి పట్టుకోమని నాకు సైగ చేసింది. పట్టుకున్నాను. తను పెడల్ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి వదిలేసింది. చక్రం టిక్ టిక్ మంటూ తిరగడం మొదలుపెట్టింది. అది ఆగేదాకా మేమిద్దరం కదల్లేదు.